మామూలు షోరూంలో 60 లక్షల కారు అమ్మాలంటే ఏం చేయాలి

మీ షోరూంలో పది లక్షల బళ్ళు రోజూ పోతుంటాయి. అదే ఫ్లోర్ మీద ఒక పక్కన 60 లక్షల బండి కూడా ఉంటుంది. జనం దాని దగ్గరికి వస్తారు, ఫోటోలు దిగుతారు, పిల్లల్ని సీట్లో కూర్చోబెట్టి చూపిస్తారు, వెళ్ళిపోతారు. నిజంగా కొనగలిగినవాళ్ళూ వస్తారు, వాళ్ళూ వెళ్ళిపోతారు. నెలాఖరు మీటింగ్‌లో "ఈ లోగో మీద అంత డబ్బు ఎవరు పెడతారు సార్" అని ఎవరో ఒకరు అంటారు, మిగతావాళ్ళు తలూపుతారు, అక్కడితో ఆ బండి సంగతి అయిపోతుంది.

నేను పన్నెండేళ్ళు కార్ల షోరూముల్లో పనిచేశాను, హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ. అందులో చివరి నాలుగేళ్ళు ఇలాంటి ఖరీదైన బళ్ళే చూశాను. లోగో చూసి వెనక్కి పోయినవాళ్ళు లేరని చెప్పను. కానీ మనం చూసుకున్న తీరు నచ్చక పోయినవాళ్ళే ఎక్కువ, ఆ మాట వాళ్ళు మన మొహం మీద చెప్పరు, "ఇంట్లో మాట్లాడి చెప్తాం" అంటారంతే. సేల్స్‌లో ఉన్నవాళ్ళకీ, టీమ్ లీడర్లకీ, షోరూం నడిపే ఓనర్లకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు ఒక విషయం. ఇప్పుడు ఈ సమస్య మన దగ్గర ఒకరిద్దరిది కాదు. పెనుకొండలో సెల్టోస్‌తో మొదలుపెట్టిన కియా, 2020లో కార్నివాల్ అనే పెద్ద కుటుంబ బండిని 24.95 లక్షలకు తెచ్చింది. 2024 అక్టోబరులో కొత్త కార్నివాల్ వచ్చినప్పుడు దాని ఎక్స్‌షోరూం ధర 63.90 లక్షలు, దాంతోపాటే వచ్చిన ఎలక్ట్రిక్ బండి ఈవీ9 ధర అప్పుడు 1.30 కోట్లు. సోనెట్ లాంటి చిన్న బళ్ళు అమ్మే బ్రాండే ఇవీ అమ్మాలి. టొయోటా సంగతీ అంతే, సొంత లగ్జరీ బ్రాండ్ లెక్సస్ 2017 నుంచి ఇండియాలో ఉన్నా, కోటి దాటిన వెల్‌ఫైర్‌ని చిన్న కారు గ్లాంజా అమ్మే టొయోటా పేరు మీదే అమ్ముతోంది. ఎంజీ మాత్రం ఖరీదైన బళ్ళకి ఎంజీ సెలెక్ట్ అని వేరే షోరూములు పెట్టుకుంది. ఆ దారి అందరికీ కుదరదు. మనలో చాలామంది ఉన్న షోరూంలోనే, ఉన్న మనుషులతోనే అమ్మాలి.

బండి బాగుంటే చాలదు

ఫోక్స్‌వాగన్ ఫేటన్ గురించి వినే ఉంటారు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో గోడలన్నీ అద్దాలతో కట్టిన ఫ్యాక్టరీలో తయారైన కారు, బెంట్లీ కాంటినెంటల్ జీటీతో పునాది పంచుకున్న కారు. అమెరికాలో 2003 చివర్లో అమ్మకాలు మొదలుపెట్టి 2006లో ఆపేశారు. ఫోక్స్‌వాగన్ అనే మామూలు బ్రాండ్ పేరు కూడా దెబ్బ కొట్టింది, కాదనను. కానీ అప్పటిదాకా జెట్టాల లాంటి మామూలు కార్లు అమ్ముతూ వచ్చిన డీలర్ దగ్గరికి అంత ఖరీదైన కారు కొనే మనిషి వచ్చి నిలబడితే ఆయనకి ఏ మర్యాద దొరికేది, సర్వీసుకి తెస్తే ఎక్కడ కూర్చునేవాడు అని ఆలోచిస్తే, సగం సమాధానం అక్కడే కనిపిస్తుంది నాకు.

హ్యుందాయ్ అదే అమెరికాలో 2010లో ఈక్వస్ అని దాదాపు 58 వేల డాలర్ల కారు తెచ్చింది. వాళ్ళకీ వేరే షోరూములు లేవు. అందుకని వాళ్ళు కస్టమర్‌ని షోరూంకి రప్పించడమే తగ్గించారు. టెస్ట్ డ్రైవ్‌కి కారు ఇంటికి వచ్చేది, సర్వీసుకి మనిషి వచ్చి కారు తీసుకెళ్ళి బదులు కారు ఇచ్చేవాడు, యూజర్ మాన్యువల్ ఐప్యాడ్‌లో పెట్టి ఇచ్చారు. ఈక్వస్ పెద్ద సంఖ్యలో అమ్ముడుపోలేదు కానీ, 2015లో జెనెసిస్‌ని వేరే బ్రాండ్‌గా ప్రకటించేదాకా వాళ్ళు ఆ దారి వదల్లేదు. మనకి ఇందులో పనికొచ్చే మాట ఒక్కటే: షోరూంని మార్చలేనప్పుడు, షోరూంలో కస్టమర్ గడిపే టైమ్‌ని తగ్గించండి.

వేరే షోరూం పెడితే అన్నీ సర్దుకుంటాయా అంటే, అదీ లేదు. మారుతి 2015 జూలైలో నెక్సా మొదలుపెట్టింది, నల్ల కోట్లు, తెల్ల గోడలు, అంతా వేరేగా. అందులో మొదట పెట్టిన ఎస్-క్రాస్ ధర ఆర్నెల్లు తిరిగేసరికి భారీగా తగ్గించాల్సి వచ్చింది. మొదటి నెలల్లో పూర్తి ధర పెట్టి కొన్న మనిషికి ఆ తెల్ల గోడలు ఏ ఓదార్పునిస్తాయి చెప్పండి. నెక్సా తర్వాత నిలబడింది, ముఖ్యంగా బలెనో వల్ల. కానీ గోడల రంగు మార్చగానే అమ్మకం మారదని మొదటి ఏడాదే తేలిపోయింది.

ఎవరికి అమ్మాలో మీ కంప్యూటర్‌లోనే ఉంది

ఈ బళ్ళకి కొనేవాళ్ళు బెంజ్ షోరూం నుంచి దారి తప్పి రారు. నా దగ్గర కొన్నవాళ్ళలో ఎక్కువమంది అప్పటికే మా బ్రాండ్ బండి ఐదేళ్ళు, ఏడేళ్ళు నడిపినవాళ్ళు. బిల్డర్లు, రైస్ మిల్లుల వాళ్ళు, నర్సింగ్ హోం నడిపే డాక్టర్లు, అమెరికాలో పిల్లలుండి ఇక్కడ పెద్దవాళ్ళిద్దరే ఉన్న ఇళ్ళు. ఆ బండి ఇబ్బంది పెట్టలేదు కాబట్టి అదే బ్రాండ్ మీద వాళ్ళకి నమ్మకం కుదిరింది. ఊళ్ళో జనం కళ్ళు పడకుండా సుఖంగా తిరగాలని కోరుకునేవాళ్ళూ ఉంటారు, వాళ్ళకి ఆ మామూలు లోగోయే కావాలి.

కాబట్టి కొత్త ఎంక్వైరీల కోసం ఎదురుచూడడం మాని, సర్వీస్ రికార్డులు తెరవండి. నాలుగేళ్ళు దాటిన టాప్ మోడల్ ఎంపీవీలు (మూడు వరసల కుటుంబ బళ్ళు), పెద్ద ఎస్‌యూవీలు, ప్రతి సర్వీసూ మన దగ్గరే చేయించినవి, జాబ్ కార్డులో పెద్ద గొడవలు లేనివి విడిగా తీయండి. ఒక డీలర్‌షిప్‌కి నలభై యాభై పేర్లు రావొచ్చు. అవే మీ అసలు మార్కెట్. వాళ్ళకి టెలికాలర్‌తో ఫోన్ చేయించకండి. ఇంతకుముందు వాళ్ళకి బండి అమ్మిన మనిషి ఇంకా మీ దగ్గరే ఉంటే, అతనే చేయాలి. "సార్, మీ బండికి ఐదో ఏడు వచ్చింది కదా, అమ్మగారు ఎక్కడానికి మెట్టు ఎత్తుగా ఉందని అప్పుడు అన్నారు, ఇది ఒకసారి చూపిస్తాను" అని. అలా మొదలుపెట్టినప్పుడు ఫోన్ మధ్యలో పెట్టేసినవాళ్ళు నాకు గుర్తులేరు.

నంబర్ ఒక్కసారే అడగండి

ఒకసారి పక్కనే నిలబడి లెక్కపెట్టాను. కోటి రూపాయల దాకా బడ్జెట్ ఉన్న దంపతులు వచ్చారు. రిసెప్షన్ అమ్మాయి పేరు, ఫోన్ నంబర్ అడిగింది. సేల్స్ అబ్బాయి మళ్ళీ నంబర్ అడిగాడు. టెస్ట్ డ్రైవ్ ఫారంలో మళ్ళీ రాయించుకున్నారు, ఓటీపీ అడిగారు. పాత కారు వెల కట్టడానికి వచ్చినాయన మళ్ళీ అడిగాడు. నాలుగోసారి ఆవిడ పర్సు మూసి భర్త వైపు చూసింది. ఆ చూపుతోనే అమ్మకం పోయిందని నాకు అర్థమైంది. వాళ్ళు ఇంకో ఇరవై నిమిషాలు కూర్చున్నారు, కాఫీ కూడా తాగారు, కానీ మళ్ళీ రాలేదు.

పది లక్షల కారు కొనేవాళ్ళకీ ఇది చిరాకే, కాకపోతే వాళ్ళు సర్దుకుంటారు. 60 లక్షలు పెట్టేవాళ్ళ పక్కవీధిలోనే జర్మన్ షోరూం ఉంటుంది. వాళ్ళకి కావాల్సిన మొదటి సుఖం, చెప్పిందే మళ్ళీ చెప్పాల్సిన పని లేకపోవడం. దానికి మార్బుల్ ఫ్లోర్ అక్కర్లేదు, ఒక్క మనిషి కావాలి. ఎంక్వైరీ నుంచి మొదటి సర్వీసు దాకా ఒకే మనిషి. ఫైనాన్స్ వాళ్ళూ, ఇన్సూరెన్స్ వాళ్ళూ, ఎక్స్ఛేంజ్ వాళ్ళూ ఆ మనిషితోనే మాట్లాడాలి, కస్టమర్‌తో కాదు. ఆ మనిషి సెలవులో ఉంటే ఎవరు ఎత్తుతారో కూడా ముందే చెప్పి ఉంచాలి.

ఆ మనిషిని ఎంచుకునేటప్పుడు నెలకి ఎక్కువ బళ్ళు అమ్మేవాడిని తీసుకోకండి. వేగంగా మాట్లాడి, వేగంగా బుకింగ్ చేయించే మనిషికి ఈ పని సరిపడదు. ఓపిగ్గా వినేవాళ్ళనీ, తెలియనిది "కనుక్కుని చెప్తానండి" అని చెప్పి గంటలో నిజంగా చెప్పేవాళ్ళనీ తీసుకోండి. ఇంగ్లిష్ రాకపోయినా ఫరవాలేదు. నేను చూసినవాళ్ళలో ఈ బళ్ళు బాగా అమ్మినావిడ, అంతకుముందు సర్వీస్ రిసెప్షన్‌లో కోపంగా వచ్చేవాళ్ళతో మాట్లాడిన అమ్మాయి.

టెస్ట్ డ్రైవ్ ఇంటి దగ్గర, వెనక సీట్లో

మన అలవాటు ఏంటంటే, కస్టమర్‌ని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, షోరూం ముందున్న ట్రాఫిక్‌లో రెండు కిలోమీటర్లు తిప్పి తీసుకొస్తాం. ఇలాంటి పెద్ద ఎంపీవీలు కొనేవాళ్ళలో చాలామంది వాటిని నడపరు. రెండో వరసలో కూర్చుంటారు. కాబట్టి వాళ్ళని అక్కడే కూర్చోబెట్టండి, సీటు వెనక్కి వాల్చి, ఏసీ వాళ్ళకి నచ్చినట్టు పెట్టి, మాట్లాడడం ఆపండి. వాళ్ళ అమ్మానాన్నలుంటే వాళ్ళని కూడా ఎక్కించండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కగలిగితే, ఇంక మీరు ఫీచర్లు చదవక్కర్లేదు.

కారు ఇంటికి తీసుకెళ్ళండి. ముందు రోజు రాత్రే కడిగించి, సీట్ల కింద కూడా చూసి, ట్యాంకు సగానికి తగ్గకుండా, ఎలక్ట్రిక్ అయితే ఛార్జింగ్ 80 శాతానికి తగ్గకుండా పెట్టుకోండి. ఫ్యూయల్ లైటు వెలుగుతున్న డెమో కారుతో వెళ్ళడమంటే ఇంటికి పిలిచి ఖాళీ గిన్నె పెట్టినట్టే.

ఇంకోటి, చాలామంది మర్చిపోయేది: సెల్లార్. కొత్త కార్నివాల్ పొడవు ఐదు మీటర్లు దాటుతుంది. బంజారాహిల్స్‌లోనో మొగల్రాజపురంలోనో పాత అపార్ట్‌మెంట్ ర్యాంపు మలుపులో అది తిరుగుతుందా, పిల్లర్ల మధ్య పడుతుందా, తలుపు తెరుచుకోవడానికి చోటుందా అనేది టెస్ట్ డ్రైవ్ రోజే, ఆ కారుతోనే, వాళ్ళ పార్కింగ్‌లోనే చూడండి. పట్టకపోతే పట్టదని చెప్పండి. నేను ఒకాయనకి అలా చెప్పి అమ్మకం వదులుకున్నాను, ఆయన ఎనిమిది నెలల తర్వాత తన తోడల్లుడిని పంపించారు. ఎలక్ట్రిక్ బండి అయితే ఛార్జర్ ఎక్కడ పెడతారు, ఇంటి మీటర్ లోడ్ సరిపోతుందా, అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకుంటారా అనేది బుకింగ్ డబ్బులు తీసుకోకముందే తేల్చండి.

ధర ఒక్కసారే చెప్పండి

డబ్బున్నవాళ్ళు ధర చూడరని అనుకోవడం తప్పు. వాళ్ళ ఆఫీసులో అకౌంటెంట్ ఉంటాడు, మీ కొటేషన్ నేరుగా ఆయన టేబుల్ మీదికి పోతుంది. ఎక్స్‌షోరూం, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ ఛార్జీలు, ఎక్స్‌టెండెడ్ వారంటీ అన్నీ విడివిడిగా ఒకే కాగితం మీద ఇవ్వండి. పది లక్షలు దాటిన కారు మీద ఒక శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను) పడుతుంది కదా, అది మనం వేసే ఛార్జీ కాదనీ, వాళ్ళ పాన్ మీద జమ అయ్యి రిటర్న్స్‌లో లెక్కకి వస్తుందనీ మీరే ముందు చెప్పండి. వాళ్ళు అడిగాక చెబితే ఏదో దాచినట్టు ఉంటుంది.

ఇన్సూరెన్స్ మన దగ్గరే తీసుకోవాలని బలవంతం చేయకండి. బయట తీసుకునే హక్కు వాళ్ళకి ఉంది, అది వాళ్ళకి తెలుసు కూడా. మ్యాట్లు, సీట్ కవర్లు, పాలిష్ ప్యాకేజీ అంటూ అంత పెద్ద బిల్లు మీద పద్దెనిమిది వేలు కలపడానికి చూసే షోరూం ఎంత చిన్నదిగా కనపడుతుందో ఒక్కసారి అవతలి కుర్చీలో కూర్చుని ఆలోచించండి. "ఈ ఆఫర్ ఇవాళ సాయంత్రం దాకానే సార్" అనే మాట ఈ ఫ్లోర్ మీద వినపడకూడదు. ఇవ్వగలిగింది ఎంతో మేనేజర్‌తో ముందే తేల్చుకుని, ఒక్క అంకె చెప్పి, దాని మీదే నిలబడండి. నలుగురి దగ్గరికి తిరిగి నాలుగుసార్లు తగ్గించిన ధర కంటే, మొదటిసారే చెప్పిన ధరకి విలువెక్కువ.

జర్మన్ బండిని తక్కువ చేసి మాట్లాడకండి. ఆ ఇంట్లో ఇప్పటికే ఒకటి ఉండే ఛాన్స్ ఎక్కువ.

డెలివరీ: ముహూర్తం అంటే ముహూర్తమే

ఇది చెప్పడానికి నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. నేను పనిచేసిన ఒక షోరూంలో, పేరు వద్దు, ఒక కుటుంబానికి పొద్దున 9.12కి ముహూర్తం. ముందు రోజు రాత్రి అన్నీ రెడీ అని నాకు చెప్పారు, నేను వాళ్ళకి చెప్పాను. ఎనిమిదిన్నరకే వాళ్ళు వచ్చారు, పదకొండు మంది, పట్టుచీరలు, పూల బుట్టలు, నాలుగు నిమ్మకాయలు, కొబ్బరికాయ. బండి బయటికి తీశాక తెలిసింది, ఇన్సూరెన్స్ పాలసీలో ఇంజిన్ నంబర్ ఒక అంకె తప్పు పడిందని. అది సరిచేసేదాకా టీఆర్, అంటే తాత్కాలిక రిజిస్ట్రేషన్, రాదు. తొమ్మిదింబావు దాటింది. పెద్దాయన ఏమీ అనలేదు, చేతిలో కొబ్బరికాయ పట్టుకుని కుర్చీలో అలాగే కూర్చున్నారు. రాహుకాలం గడిచేదాకా ఆగి, పదకొండు దాటాక బండి తీసుకెళ్ళారు. ఆ రోజు మేము పెట్టిన కేకు, పూలబొకే, ఫోటోలు, దేనికీ విలువ లేకుండా పోయింది.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. ముహూర్తానికి 48 గంటల ముందు కాగితాలన్నీ చేతిలో ఉండాలి, ఫోన్‌లో ఫోటో కాదు, చేతిలో. ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ నేనే బండి దగ్గర నిలబడి కాగితంతో పోల్చి చూస్తాను. పీడీఐ షీట్ (డెలివరీకి ముందు బండి తనిఖీ చేసిన కాగితం) మీద సంతకాలు చూసి ఊరుకోకుండా ప్రతి తలుపూ, ప్రతి సీటు బటనూ నొక్కి చూస్తాను. కస్టమర్‌కి ఫ్యాన్సీ నంబర్ కావాలంటే వేలం ఎప్పుడు, ఎలా కట్టాలి అనేది బుకింగ్ నాడే చెప్తాను. ఆషాఢంలో బిల్లు చేసి శ్రావణంలో బండి తీసుకుంటామంటే, ఆ నెలరోజులు బండి స్టాక్‌యార్డ్‌లో ఎండకి ఎండకుండా కప్పుకింద పెట్టిస్తాను, బ్యాటరీ చూపిస్తాను.

డెలివరీ రోజు ఫీచర్లన్నీ ఏకబిగిన వివరించకండి. ఆ హడావిడిలో ఎవరికీ ఎక్కవు. పూజకి పెద్దమ్మ గుడికో కనకదుర్గమ్మ గుడికో వెళ్ళాలని వాళ్ళకి తొందర ఉంటుంది, పంపించేయండి. మూడో రోజు ఇంటికెళ్ళి గంటసేపు కూర్చుని, వాళ్ళ ఫోన్లు కలిపి, సీటు మెమరీ పెట్టి, ఓపిగ్గా చూపించండి.

డ్రైవర్ గారూ, సర్వీసూ

బండి అమ్ముడుపోయాక దాన్ని రోజూ చూసేది డ్రైవర్. సర్వీసుకి తెచ్చేదీ ఆయనే, సాయంత్రం ఓనర్‌తో ఒక్క మాటలో "అక్కడ పని బాగా చేశారు సార్" అనేదో, "పొద్దుట్నుంచీ కూర్చోబెట్టారు సార్" అనేదో ఆయనే. అలాంటి మనిషిని మనం గేటు బయట చెట్టుకింద నిలబెడతాం. ఇది మార్చండి. ఏసీ ఉన్న చోట కుర్చీ, టీ, మధ్యాహ్నం దాటితే భోజనం. పేరు పెట్టి, గారు అని పిలవండి. ఎమర్జెన్సీలో ఏ బటన్ నొక్కాలి, పక్క తలుపులు ఎలా వాడాలి, టైర్లలో గాలి ఎంత ఉండాలి అనేది ఆయనకి విడిగా అరగంట నేర్పించండి. దీనికయ్యే ఖర్చు మీరు పేపర్లో వేసే ఒక్క ప్రకటనకి అయ్యేంత కూడా ఉండదు.

ఇంక వర్క్‌షాప్. ఒక పెద్ద ఎంపీవీ మొదటి సర్వీసుకి వచ్చింది, దాని పక్క తలుపులు మోటారుతో వాటంతటవే జరుగుతాయి. వాషింగ్ కుర్రాడికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. తలుపు మెల్లగా కదులుతుంటే, అది ఇరుక్కుందనుకుని రెండు చేతులతో పట్టి గుంజాడు. అద్దం వెనక నుంచి ఓనర్ చూస్తున్నారు. తలుపుకి ఏమీ కాలేదు. కానీ ఆయన లేచి వచ్చి "మీ దగ్గర ఇలాంటి బళ్ళు ఎన్ని వస్తాయమ్మా?" అని చాలా నెమ్మదిగా అడిగారు. కుర్రాడి తప్పేం లేదు, అతనికి నేర్పాల్సింది మేము.

అందుకే, మొదటి బండి అమ్మకముందే వర్క్‌షాప్‌లో ఇద్దరు టెక్నీషియన్లకి, ఒక అడ్వైజర్‌కి, వాషింగ్‌లో ఒకరికి ఆ బండి చూపించి నేర్పించండి. ఆ బండికి టోకెన్ ఇచ్చి లైన్లో పెట్టకండి, ఇంటి నుంచి తెచ్చుకుని ఇంటికే పంపండి. స్పేర్ పార్టు రావడానికి మూడు వారాలు పడుతుందంటే మూడు వారాలనే చెప్పండి, ఈలోగా తిరగడానికి బదులు కారు ఇవ్వండి. షోరూంలో ఒక టాప్ మోడల్ ఇందుకోసమే పక్కన పెట్టుకోవాలి.

లెక్సస్ ఇవాళ ఇంత పేరు తెచ్చుకోవడానికి కారణాల్లో ఒకటి ఒక లోపమే. 1989 సెప్టెంబరులో అమెరికాలో ఎల్ఎస్ 400తో మొదలయ్యారు, డిసెంబరుకే దాదాపు 8,000 కార్లని వెనక్కి పిలవాల్సి వచ్చింది. కొత్త బ్రాండ్, మూడు నెలలు కాలేదు. వాళ్ళు కస్టమర్లని డీలర్ దగ్గరికి రమ్మనకుండా, మనుషుల్ని పంపి ఇళ్ళ నుంచే కార్లు తెప్పించి, బాగుచేసి, కడిగి, ట్యాంకు నింపి తిరిగి ఇచ్చారు. డీలర్ దగ్గరలో లేని చోట్లకి టెక్నీషియన్లని విమానంలో పంపారు. టొయోటా వాళ్ళ కారుకి అంత డబ్బు పెట్టామేమిటి అని అనుకుంటున్నవాళ్ళ అనుమానం అక్కడే తీరిపోయి ఉంటుంది.

ఓనర్లకి ఒక మాట

మీరు సేల్స్ వాళ్ళ టార్గెట్‌ని బళ్ళ సంఖ్యతో లెక్కపెడుతున్నంత కాలం ఇదేదీ జరగదు. ఒక 60 లక్షల బండి వెనక మూడు నెలలు తిరగాలి, ఆ టైమ్‌లో అతను చిన్న బళ్ళు పన్నెండు అమ్ముకోగలడు. ఇల్లు గడవాలి కదా, అతను చిన్న బళ్ళ వైపే పోతాడు, పోవాలి కూడా. కాబట్టి ఈ బండి చూసే మనిషికి సంఖ్య టార్గెట్ తీసేయండి. జీతం కొంచెం పెంచి, ఇన్సెంటివ్‌ని రెండు ముక్కలు చేయండి, సగం డెలివరీ నాడు, మిగతా సగం ఏడాది తిరిగాక, ఆ కస్టమర్ సర్వీసుకి మన దగ్గరికే వస్తుంటే. అప్పుడు ఫోన్ ఎత్తడం ఎవరూ చెప్పకుండానే అలవాటవుతుంది.

మొదటి ఏడాది నాలుగు బళ్ళు అమ్మినా కంగారుపడకండి. ఆ నలుగురికీ మీరే ఫోన్ చేసి, షోరూంకి పిలవకుండా, వాళ్ళ ఇంటికో ఆఫీసుకో వెళ్ళి ఏం నచ్చలేదో అడగండి. రాసుకోవడానికి పుస్తకం తీసుకెళ్ళండి.